రెగే, డాన్స్‌హాల్ సెట్: బీట్లు కలవడం లేదు, ఎకో ఊళ వేస్తోంది, రీవైండ్ ఎప్పుడు చేయాలి?

రాత్రిషిఫ్ట్ అడిగారు:

హౌస్, టెక్నో వాయించడం బాగానే వచ్చు. 124–128 బీపీఎం (నిమిషానికి ఇన్ని దెబ్బలు) మధ్యలో ముప్ఫై రెండు బార్ల (బార్‌కి నాలుగు దెబ్బలు) బ్లెండ్, అదే రెండు పాటల్ని కలిపి నడపడం, అంటే చెయ్యి దానంతట అదే పోతుంది. ఇప్పుడు రెండు గంటల సెట్ ఒకటి ఉంది: మొదటి గంట రూట్స్ (1970ల నెమ్మది రెగే), డబ్ (అదే పాటని విడదీసి ఎకోలతో మలిచిన రూపం), రెండో గంట డాన్స్‌హాల్ (ఆ తర్వాతి వేగమైన రూపం). సామాను ఇది: రెండు డెక్‌ల కంట్రోలర్, దానికి తగిలించిన ఒక టర్న్‌టేబుల్, ఒక డిలే (ఎకో) పెడల్, నాలుగు ఛానళ్ళ చిన్న అనలాగ్ మిక్సర్, ఒక మైకు.

చిక్కులు ఇవీ. సాఫ్ట్‌వేర్ ఒక పాటకి 72 అంటుంది, దాదాపు అదే వేగంలో ఉన్న ఇంకోదానికి 146 అంటుంది. సరిచేసి సింక్ (వేగాలు తానే కలిపే బటన్) నొక్కినా అర నిమిషంలోపే రెండు పాటలూ ఎడాపెడా కొట్టుకుంటాయి. బ్లెండ్ కాస్త పొడిగిస్తే రెండు బేస్‌లైన్లు కలిసి బురదైపోతున్నాయి, గొంతు మీద గొంతు పడుతోంది.

కంట్రోలర్‌లో ఎకో వేసి ఫేడర్ (శబ్దం తగ్గించే జారుడు మీట) దించితే ఎకో తోక కూడా తెగిపోతోంది. పోనీ అని పెడల్ వాడి ఫీడ్‌బ్యాక్ (ఎకో మళ్ళీ మళ్ళీ తిరిగే మోతాదు) పెంచితే నాలుగైదు తిరుగుళ్ళకే ఊళ మొదలు.

రీవైండ్ (పాటని ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలెట్టడం) బటన్ నొక్కితే బొమ్మల సినిమా చప్పుడు వస్తోంది. అసలు ఎప్పుడు చేయాలి, గంటకి ఎన్ని? 7 అంగుళాల రికార్డులు కొన్ని వేయాల్సి ఉంది, వాటి శ్రుతి ఊగుతోంది. రూట్స్ నుంచి డాన్స్‌హాల్‌కి ఎలా దాటాలో కూడా ఎవరైనా చెబితే మేలు.

వన్‌డ్రాప్:

ముందు పేర్ల సంగతి తేల్చుకుంటే సగం తికమక పోతుంది. జమైకాలో డీజే అంటే రికార్డులు వేసే మనిషి కాదు, మైకు పట్టుకుని దరువు మీద మాట కట్టే మనిషి. రికార్డు ఎంచి వేసేది సెలెక్టర్. యాంప్లిఫయర్లు, క్రాసోవర్లు చూసుకునేది ఆపరేటర్. కౌంట్ మచూకీ, కింగ్ స్టిట్, యూ-రాయ్ డీజేలు. ఇంగ్లండ్ నుంచి, జమైకా నుంచి వచ్చిన రాతల్లో "డీజే ఇలా చేయాలి" అని ఉంటే అది మైకు మనిషికి చెప్పిన మాట, మీకు కాదు. మీరు చేయబోయేది సెలెక్టర్ పని. దాంట్లో కలపడం కన్నా ఎంచడం పెద్ద పని.

ఇక 72, 146 గోల. సాఫ్ట్‌వేర్ రెండుసార్లూ నిజమే చెప్పింది, ఒకసారి రెట్టింపు లెక్కలో చెప్పిందంతే (146లో సగం 73). రూట్స్‌లో మామూలుగా వినిపించే వన్ డ్రాప్ దరువుని వేగమైన (146) లెక్కలో నాలుగు దెబ్బలుగా చూడండి: 1 మీద కిక్ (పెద్ద డ్రమ్) ఉండదు, ఖాళీ. 2, 4 మీద గిటార్ స్కాంక్ (చటుక్కున తెంచే మీటు). 3 మీద కిక్, రిమ్‌షాట్ (డ్రమ్ అంచు దెబ్బ) కలిసి పడతాయి, అదే డ్రాప్. అదే నెమ్మది లెక్కలో చూస్తే స్కాంక్ ప్రతి దెబ్బకీ మధ్య సందులో పడుతుంది, డ్రాప్ 2, 4 మీద పడుతుంది. రెంటిలో ఏ లెక్కైనా పరవాలేదు గానీ లైబ్రరీ అంతా ఒకే లెక్కలో ఉండాలి. విశ్లేషణ పరిధిని 68–135 మధ్య పెడితే రూట్స్ చాలావరకు 70ల్లోకి, డాన్స్‌హాల్ 90–110లోకి వచ్చేస్తాయి. 66, 67లో ఉన్నవి మాత్రం 132, 134గా కనిపిస్తాయి. వాటిని చేత్తో సగం చేయండి.

అసలు దెబ్బ తీసేది ఇది కాదు. సాఫ్ట్‌వేర్ గట్టిగా వినబడిన మొదటి దెబ్బనే 1 అనుకుంటుంది. హౌస్‌లో అది నిజం. ఇక్కడ 1 మీద కిక్ లేదు కాబట్టి డ్రాప్‌ని తీసుకెళ్ళి 1 మీద కూర్చోబెడుతుంది. అంకె సరిగ్గానే ఉంటుంది, గ్రిడ్ (దెబ్బలకి సాఫ్ట్‌వేర్ గీసే గీతలు) మాత్రం పక్కకి జరిగి ఉంటుంది. అలాంటి పాటని ప్రతి దెబ్బకీ కిక్ పడే స్టెప్పర్స్ పాటతో కలిపితే కిక్‌లు కలిసినట్టే ఉంటాయి, కానీ బేస్‌లైన్లు, పల్లవులు తప్పు చోట మొదలవుతాయి. విరుగుడు సులువు: ఈ పాటల్లో ఎక్కువ భాగం ఒక డ్రమ్ రోల్‌తో ఎత్తుకుంటాయి. రోల్ ముగిసి బ్యాండంతా దిగే చోటే అసలు 1. అక్కడ మొదటి హాట్ క్యూ (నొక్కగానే పాట అక్కడికి దూకే గుర్తు) పెట్టండి. రోల్ మొదట్లో రెండోది. రీవైండ్‌కి అదే అక్కరకొస్తుంది.

సింక్ ఎందుకు నిలవదంటే 1970ల పాటలకి క్లిక్ ట్రాక్ (వేగం పట్టి ఉంచే యంత్రపు టిక్కు) లేదు. ఛానల్ వన్ స్టూడియోలో రెవల్యూషనరీస్ బ్యాండ్ వాయించినా, ఆ తర్వాత రూట్స్ రాడిక్స్ బ్యాండ్ వాయించినా డ్రమ్మరే గడియారం. పల్లవిలో కాస్త ఉరకడం, చరణంలో సర్దుకోవడం మామూలే. లెక్క చూడండి: 72 మీద ఎనిమిది బార్లు, అంటే ముప్ఫై రెండు దెబ్బలు, దాదాపు 26.7 సెకన్లు. ఒక్క బీపీఎం తేడా ఉంటే ఆ ముప్ఫై రెండో దెబ్బకి 0.44 దెబ్బ పక్కకి జరుగుతుంది. దాదాపు సగం దెబ్బ! అంటే ఒక పాట డ్రాప్ దాదాపుగా రెండో పాట స్కాంక్ మీద పడుతుంది. మీరు చెబుతున్న "కొట్టుకోవడం" అదే. హౌస్‌లో కాస్త తేడా వస్తే వెంటనే రెండు కిక్‌లూ టకటకమని పట్టిస్తాయి, ఇక్కడ సందు పెద్దది కనుక తప్పు ఆలస్యంగా బయటపడుతుంది, పడ్డాక సర్దడానికి టైము ఉండదు.

ఆ పాటలకి గ్రిడ్ సాగదీసి బార్ బార్‌కీ మార్కులు పెట్టే పని పెట్టుకోకండి. గ్రిడ్ నిలుస్తుందేమో గానీ లాక్కుని సాగదీసిన డ్రమ్స్ చచ్చిపోతాయి. సింక్ తీసేసి రెండు బార్లలో, మహా అయితే నాలుగు బార్లలో దాటేయండి. వెళ్ళే పాటలో బేస్ కిల్ చేసి, వచ్చే పాట రోల్ వదిలి, 1 మీద ఫేడర్ మార్చేయడమే. 1985 తర్వాతి డిజిటల్ రిడిమ్‌లకి (రిడిమ్ అంటే గొంతు కింద నడిచే దరువు, బేస్) ఈ బాధ లేదు. కాసియో ఎంటీ-40 కీబోర్డులో ఉన్న "రాక్" అనే రెడీమేడ్ దరువుని తీసుకుని నిర్మాత ప్రిన్స్ జామీ, గాయకుడు వేన్ స్మిత్ "అండర్ మి స్లెంగ్ టెంగ్" చేశాక జమైకా స్టూడియోలు యంత్రాల వైపు మళ్ళాయి. అక్కడి నుంచి గ్రిడ్ రాయిలా ఉంటుంది, సింక్ కావాలంటే వాడుకోండి.

డాన్స్‌హాల్ గంటలో అసలు మజా జగ్లింగ్, అదే ఒకే రిడిమ్ పాటల్ని వరసగా మార్చడం. ఒకే రిడిమ్ మీద పది మంది పాడతారు. దరువు, బేస్, శ్రుతి అన్నీ ఒకటే, గొంతు మాత్రమే మారుతుంది. ఉదాహరణకి స్టీవెన్ "లెంకీ" మార్స్‌డెన్ చేసిన దివాలీ రిడిమ్. పేరు చూసి పండగ పాట అనుకునేరు, చప్పట్ల మీద నడిచే దరువు అది. షాన్ పాల్ "గెట్ బిజీ", వేన్ వండర్ "నో లెటింగ్ గో" రెండూ దాని మీదే ఉన్నాయి. "గెట్ బిజీ" 2003లో బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్ళింది. వీటి మధ్య బేస్‌ల గొడవ రాదు, ఎందుకంటే అది ఒకే బేస్. ఒక పాటలో పల్లవి, ఒక చరణం అయ్యాక తర్వాతి గొంతుని పల్లవి దగ్గరే దించండి. ఒక్కో గొంతుకి నిమిషం, నిమిషంన్నర చాలు. నాలుగైదు గొంతులు కాగానే రిడిమ్ మార్చేయండి. మంచి రిడిమే కదా అని పన్నెండు పాటలు లాగితే జనం బార్ దగ్గరికి పోతారు.

ఒక జాగ్రత్త. పేరు ఒకటే అని నమ్మి కలపకండి. "రియల్ రాక్" రిడిమ్ 1967లో స్టూడియో వన్‌లో పుట్టింది, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎందరో దాన్ని మళ్ళీ వాయించారు. ఒక్కో దాని వేగం వేరు, శ్రుతి వేరు. ఒకే నిర్మాత, ఒకే ఏడాది అయితేనే రెండూ కలిసి నడుస్తాయని ధైర్యం చేయవచ్చు. మిగతావాటిని హెడ్‌ఫోన్‌లో విన్నాకే వదలండి.

స్ప్రింగ్‌ట్యాంక్:

ఎకో నా వంతు.

తోక తెగిపోతోందంటే మీ సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్ ఛానల్ ఫేడర్‌కి ముందు కూర్చుని ఉంది. ఫేడర్ దించితే పాటతో పాటు ఎకో బయటికి వచ్చే దారీ మూసుకుపోతుంది. సెట్టింగుల్లో పోస్ట్-ఫేడర్ అనే గడి ఉంటుంది, అది ఆన్ చేయండి. ఫేడర్ దించితే ఎకోలోకి వెళ్ళే పాట ఆగుతుంది, లోపల తిరుగుతున్నది మాత్రం బయటికి వస్తూనే ఉంటుంది.

పెడల్‌కి ఇంకా మంచి దారి ఉంది. కంట్రోలర్ మాస్టర్‌ని అనలాగ్ మిక్సర్ 1–2 ఛానళ్ళలోకి తీసుకురండి. ఆ మిక్సర్ ఆక్స్ సెండ్‌ని (ఛానల్ శబ్దాన్ని కొంత పక్కకి పంపే దారి) పెడల్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. పెడల్ అవుట్‌ని ఎఫ్ఎక్స్ రిటర్న్‌లోకి కాకుండా మామూలు ఛానల్ 3లోకి తేవాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. రిటర్న్‌కి ఈక్యూ (బేస్, పైశబ్దాలు తగ్గించే నాబ్‌లు) ఉండదు, ఛానల్‌కి ఉంటుంది. పెడల్‌లో డ్రై (అసలు పాట) పూర్తిగా సున్నా, వెట్ (ఎకో) మాత్రమే. డ్రై ఉంటే పాట రెండుసార్లు వచ్చి డొల్లగా వినిపిస్తుంది. మైకు ఛానల్ 4లో, దానికీ అదే ఆక్స్.

ఇప్పుడు ఊళ. ఒక్కో తిరుగుడుకీ శబ్దం ఎంత తగ్గుతుందో చూస్తే ఊళ ఎక్కడ పుడుతుందో తెలిసిపోతుంది. ఫీడ్‌బ్యాక్ 50 శాతం అయితే తిరుగుడుకి 6 డీబీ (డెసిబెల్), 70 శాతం అయితే 3 డీబీ, 90 అయితే 1 డీబీ కన్నా తక్కువ తగ్గుతుంది. 70 శాతం, 600 మిల్లీసెకన్లు పెడితే 30 డీబీ పడిపోవడానికి పది తిరుగుళ్ళు, ఆరు సెకన్లు. 90 పెడితే అదే 30 డీబీకి ముప్ఫై మూడు తిరుగుళ్ళు, ఇరవై సెకన్లు. అంటే తర్వాతి పాట మొదటి చరణం మొత్తం పాత పాట దయ్యంలా మీద వాలి ఉంటుంది. అది కూడా పెడల్ లెక్క మాత్రమే. ఛానల్ 3 ఆక్స్ నాబ్ కొంచెం తెరిచి ఉంటే పెడల్ లోపల ఒక చుట్టు, మిక్సర్‌లో ఇంకో చుట్టు, రెండూ కలిసి 100 దాటుతాయి. మీది నాలుగో తిరుగుడుకే అరుస్తోందంటే అనుమానం ఆ నాబ్ మీదే. ముందు దాన్ని సున్నా చేసి చూడండి.

అయినా ఊళంటే పరుగెత్తక్కర్లేదు. దాన్ని కావాలనే చేసి, చేతిలో పట్టుకోవడమే డబ్. ఛానల్ 3 మీద లో (బేస్) ఈక్యూ పూర్తిగా తగ్గించి, హై కూడా కాస్త తగ్గించండి. ఉజ్జాయింపుగా 250 హెర్ట్జ్ కింద, 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ లేకుండా. అప్పుడు ఛానల్ 3 ఆక్స్‌ని వేలితో మెల్లిగా తెరిస్తే తిరుగుడు ఉబ్బుతుంది, మూస్తే చల్లారుతుంది. ఒక చెయ్యి ఆ నాబ్ మీద ఉన్నంతసేపే అది తెరిచి ఉండాలి. వదిలేసి తర్వాతి పాట వెతకడానికి వెళ్ళారో, స్పీకర్ల ట్వీటర్లకి మూడినట్టే.

టైము లెక్క: 60,000ని బీపీఎంతో భాగిస్తే ఒక దెబ్బ మిల్లీసెకన్లలో వస్తుంది. 75కి 800. దాన్లో ముప్పావు, అంటే 600 పెడితే స్కాంక్ సందుల్లోంచి దొర్లుకుంటూ పోతుంది. పూర్తి దెబ్బ, అంటే 800, పెడితే తిరుగుళ్ళన్నీ తర్వాతి స్కాంక్‌ల మీదే పడి ఎకో ఉన్నట్టే తెలియదు. డాన్స్‌హాల్ 100కి ముప్పావు 450.

ఏది పంపాలి? బేస్ ఎప్పుడూ వద్దు. పూర్తయిన స్టీరియో పాట మీద పని చేస్తున్నారు కనుక ఆక్స్ తెరిస్తే అన్నీ కలిసి వెళ్తాయి, అందుకే పైన చెప్పిన లో కోత. తెరిచి ఉంచకండి. ఒక్క రిమ్‌షాట్, ఒక్క స్కాంక్, పాటగాడి చివరి మాట, అంతసేపు తిప్పి మూసేయాలి. డబ్‌కి ఆద్యుడు కింగ్ టబ్బీకి ఆ బాధ లేదు. కింగ్‌స్టన్ వాటర్‌హౌస్‌లో డ్రోమిలీ అవెన్యూలోని ఆ చిన్న గదిలో అతని ముందు నాలుగు ట్రాకుల టేపు ఉండేది, డ్రమ్స్ ఒక ఫేడర్ మీద, బేస్ ఇంకో ఫేడర్ మీద. డైనమిక్ స్టూడియో వదిలించుకున్న పాత ఎంసీఐ కన్సోల్, దాన్లో మెట్టు మెట్టుగా తిరిగే హైపాస్ (కింది శబ్దాలు కోసేసే) నాబ్. డ్రమ్స్ మొత్తం పలచబడి మళ్ళీ విరుచుకుపడే ఆ "ష్వూ" దానిదే. మధ్యలో పిడుగు పడినట్టు వచ్చేది స్ప్రింగ్ రివర్బ్ డబ్బాని చేత్తో కొట్టిన చప్పుడు. మీరు స్టీరియో పాటలోంచి బేస్ ఒక్కటే తీసి మిగతాది అలాగే ఉంచలేరు. ఆ పని ముందే చేసి పెట్టిన డబ్ వెర్షన్ ఎంచుకోండి. ఎంచుకున్నాక దాని మీద మళ్ళీ మీ ఎకో వేయకండి, వాన కురుస్తుండగా గొట్టంతో నీళ్ళు పట్టినట్టు ఉంటుంది. మీ ఎకో వోకల్ పాటలకీ మైకుకీ దాచుకోండి.

సైరన్ (పాటల మధ్య మోగించే ఎలక్ట్రానిక్ మోత) ఉంటే దాన్నీ అదే ఆక్స్‌లోకి పంపండి, పాట కన్నా 6–10 డీబీ కింద. అది పలికే చోట చెవి పదునుగా ఉంటుంది, మీటర్‌లో చిన్నగా కనిపించినా హాలు చివరిదాకా పొడుస్తుంది.

నలభైఅయిదు:

రికార్డుల గురించి.

7 అంగుళాల రికార్డు పెద్ద రంధ్రం 38 మిల్లీమీటర్లు, దానికి గుమ్మటం లాంటి అడాప్టర్ కావాలి. ప్లాస్టిక్ జల్లెడ బిళ్ళల కన్నా లోహపు గుమ్మటం నయం, కానీ ఏదైనా కాస్త వదులుగానే కూర్చుంటుంది. జమైకా ప్రెస్సింగుల్లో రంధ్రం నడిమధ్యన ఉండకపోవడం మామూలు. సూదిని గమనించండి: సూదిని మోసే ఆర్మ్ తిరుగుడుకోసారి అటూ ఇటూ ఊగుతుంటే రంధ్రం పక్కకి ఉన్నట్టు. చివరి గాళ్ళ దగ్గర, మధ్య నుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో, అర మిల్లీమీటరు తేడా ఉంటే వేగం 0.8 శాతం అటూ ఇటూ పోతుంది. 72 మీద అది ±0.6 బీపీఎం, అది కూడా ప్రతి 1.33 సెకన్లకి ఒక ఊపు. దాన్ని పిచ్ ఫేడర్‌తో వెంబడించడం నీడని తొక్కడానికి పరిగెత్తడమే. ఆర్మ్ బయటికి పోయిన వైపు చూసి, రికార్డుని అడాప్టర్ మీద ఆ వదులు మేరకు ఎదురు వైపు జరిపితే సగం ఊపు తగ్గుతుంది. మిగతాది ఆ రికార్డు స్వభావం అనుకుని కలపకుండా కట్ చేసి వేయండి.

లేబుల్ నమ్మకండి. ఏ, బీ లేబుళ్ళు తారుమారైనవి, ఖాళీ లేబుళ్ళు, వేరే పాట పేరున్నవి కొల్లలు. ఏ వైపు వోకల్, ఏ వైపు వెర్షన్ (గొంతు తీసేసిన దరువు) అన్నది ముందే విని కవరు మీద పెన్సిల్‌తో రాసుకోండి. వోకల్ అవగానే తిప్పి వెర్షన్ వేయడం పద్ధతి; మైకు మనిషి ఉంటే వెర్షన్ అతని సొత్తు. ఫైళ్ళతో వాయించినా ఆ రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోండి.

రీవైండ్: రికార్డు మీద అరచెయ్యి పెట్టి ఆపి, ఒక్క ఊపున వెనక్కి తోసి, ఆ చప్పుడు పూర్తిగా వినపడనిచ్చి, సూది ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టడం. ఫేడర్ మూసి గుట్టుగా వెనక్కి తీస్తే అది రీవైండ్ కాదు. గుండ్రటి మొన ఉన్న సూది వాడండి, ఎలిప్టికల్ మొన వెనక్కి తిప్పుడుకి గాళ్ళని గీకేస్తుంది. బరువు సూది తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచున పెట్టండి. డీజే సూదులకి అది మామూలుగా 3 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. చేతిలో ఉన్నది అసిటేట్ డబ్‌ప్లేట్ (ఒకటీ అరా మాత్రమే కోయించుకునే ప్రత్యేక రికార్డు) అయితే సూదితో వెనక్కి తోయకండి, ఎత్తి పెట్టండి. అది అల్యూమినియం పళ్ళెం మీద పూసిన మెత్తటి లాకర్, మామూలుగా వాయిస్తేనే కొన్ని పదుల సార్లకి పైశబ్దాలు అరిగిపోతాయి.

కంట్రోలర్‌లో అయితే బటన్ మానేసి జాగ్ చక్రాన్ని వైనిల్ మోడ్‌లో పెట్టి చేత్తో విసరండి. వేగం తగ్గుతూ వచ్చే ఆ వంపు చేత్తోనే వస్తుంది. ఒక సెకను నిశ్శబ్దం, మైకులో ఒక మాట, ఆ తర్వాత వన్‌డ్రాప్ చెప్పిన రోల్ క్యూ. నలభై సెకన్ల ఉపోద్ఘాతం ఉన్న పాటని మళ్ళీ మొదటి నుంచి వేస్తే పుట్టిన వేడి అక్కడే చల్లారిపోతుంది.

ఎన్నిసార్లంటే, జనం అడిగినన్ని. చేతులు లేస్తాయి, హారన్లు మోగుతాయి, గోడలు తడతారు. దాన్ని ఫార్వర్డ్ అంటారు. అది రాకుండా మీరే చేస్తే సొంత డబ్బా. పాట మొదటి పదహారు బార్లలోపు వస్తేనే వెనక్కి తిప్పండి. మూడో నిమిషంలో తిప్పితే అందరూ రెండోసారి అదే పాట మొత్తం వినాలి.

స్కూప్‌బిన్:

"జనం అడిగినన్ని" అన్నది పెద్ద సౌండ్ క్లాష్‌కి (సౌండ్ సిస్టంల పోటీకి) సరే. మామూలు రాత్రికి గంటకి మూడు దాటితే నడక తెగిపోతుంది. అందులోనూ ఒకే పాటకి రెండోసారి రీవైండ్ అంటే ఆ పాట నిజంగా ఇల్లు కూల్చేదై ఉండాలి.

రూట్స్ గంటకి నా మాట: అసలు కలపకండి. లండన్ సౌండ్ సిస్టం నడిపిన జా షాకా 2023లో పోయేదాకా ఒక్క టర్న్‌టేబుల్‌తోనే రాత్రంతా నడిపేవాడు. పాటకీ పాటకీ మధ్య సైరన్, ఎకో తోక, మైకులో రెండు మాటలు, రికార్డు మార్చిన చప్పుడు. ఆ సందు కూడా సెట్‌లో భాగమే. బేస్ ఆగి గది ఒక్కసారి తేలికవుతుంది, తర్వాతి బేస్ దిగినప్పుడు దాని బరువు తెలుస్తుంది. ముప్ఫై రెండు బార్ల బ్లెండ్‌లో ఆ తేలికే ఉండదు. వన్‌డ్రాప్ గారి నాలుగు బార్ల మిక్స్ కూడా రూట్స్‌కి నాకు ఎక్కువే అనిపిస్తుంది.

ఇప్పుడు స్పీకర్లు. అక్కడ ఉన్నవి స్కూప్ బిన్‌లు (లోపల మడతల హార్న్ ఉన్న పెద్ద బేస్ పెట్టెలు) అయితే 35 హెర్ట్జ్ దగ్గర 24 డీబీ హైపాస్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. స్కూప్‌కి 40 కింద కోన్ మీద గాలి పట్టు ఉండదు, శబ్దం రాదు, కోన్ మాత్రం అదుపు లేకుండా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. 1970ల రికార్డుల్లో అంత లోతు బేస్ దాదాపు ఉండదు. కొత్త డిజిటల్ డబ్ ఫైళ్ళలో 30 దాకా ఉంటుంది, కాయిల్ కాలేది వాటితోనే. సబ్ (లోతు బేస్) పెట్టెలకీ మిడ్ (నడిమి శబ్దాల) పెట్టెలకీ మధ్య కోత 90–100 హెర్ట్జ్ దగ్గర పెడతారు. స్కూప్‌లో శబ్దం మడతల హార్న్ గుండా వస్తుంది కనుక మిడ్‌ని కాస్త ఆలస్యం చేయాలి. మీటరు దారికి 2.9 మిల్లీసెకన్ల లెక్క. అది సరిగ్గా లేకపోతే కోత దగ్గర బేస్ సన్నబడుతుంది. మీరేమో ఈక్యూ పెంచుతారు, యాంప్ క్లిప్ అవుతుంది, బేస్ మాత్రం రాదు. కారణం టైములో ఉంటే ఈక్యూతో మందు వేయకూడదు. బేస్‌ని మోనోలో ఉంచండి.

టర్న్‌టేబుల్ స్కూప్‌ల పక్కన ఉంటే సూది స్పీకర్‌నే వింటుంది. లోతుగా ఒక మూలుగు మొదలై నిమిషంలో గోడలు అదురుతాయి. బల్ల మీద బరువైన రాతి పలక, దాని కింద సగానికి కోసిన నాలుగు టెన్నిస్ బంతులు, మిక్సర్‌లో 30 హెర్ట్జ్ కోత, ఈ మూడింటితో చాలావరకు పోతుంది. పోకపోతే బల్లనే జరపాలి. సన్నగా "బుర్ర్" అని హమ్ వస్తుంటే అది వేరే జబ్బు, టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ ఊడి ఉంటుంది.

లెవెళ్ళు: పాత 7 అంగుళాల రికార్డుకీ 2000ల తర్వాతి డాన్స్‌హాల్ ఫైలుకీ మధ్య 6 డీబీ తేడా సులువుగా ఉంటుంది. పీక్ మీటర్ చూసి సరిపెట్టకండి, పీక్ అంతే చూపించినా కొత్త ఫైల్ చెవికి గట్టిగా కొడుతుంది. హెడ్‌ఫోన్‌లో గొంతు ఎత్తు పోల్చి గెయిన్ మార్చండి. రూట్స్ గంటలోనే మాస్టర్ ఎర్రగీతకి చేర్చేస్తే రెండో గంటకి పైకి వెళ్ళడానికి చోటు ఉండదు.

మైకు మనిషికి: 120 హెర్ట్జ్ హైపాస్, 3:1 లేదా 4:1 కంప్రెషన్ (గట్టి శబ్దాన్ని అణచడం). వీలైతే పాట మీదున్న లిమిటర్‌లోకి (శబ్దాన్ని హద్దు దాటనివ్వని పరికరంలోకి) మైకుని పంపకండి. పంపితే అతను నోరు తెరిచినప్పుడల్లా బేస్ కుంగిపోతుంది. మైకు తల గుప్పిట్లో మూసి పట్టుకోవద్దని ముందే చెప్పండి. వెనక రంధ్రాలు మూసుకుంటే కార్డియాయిడ్ (ముందువైపే ఎక్కువ వినే) మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది, మానిటర్ పట్టుకుని కీచుమంటుంది. గెయిన్ కాస్త తగ్గించినంత మాత్రాన పోదు, చెయ్యి తీస్తే పోతుంది.

రాత్రిషిఫ్ట్:

అందరికీ థాంక్స్. ఛానల్ 3 ఆక్స్ నిజంగానే పావు వంతు తెరిచి ఉంది, మూయగానే ఊళ పోయింది. పోస్ట్-ఫేడర్ గడి కూడా దొరికింది. మిగిలింది ఒకటే: 75 దగ్గర రూట్స్ ముగించి 100 దగ్గర డాన్స్‌హాల్‌కి ఎలా దాటాలి? మధ్యలో 85, 90 పాటలు వేసుకుంటూ మెట్లెక్కాలా?

వన్‌డ్రాప్:

మెట్లెక్కవచ్చు. 1980ల మధ్య డిజిటల్ పాటలు ఆ 85–95లో బోలెడు ఉంటాయి, చరిత్ర వరసలో కూడా అవే మధ్యలోవి. నాలుగైదు పాటల్లో, పదిహేను నిమిషాల్లో చేరిపోతారు. కానీ జనం మెత్తబడి ఉంటే ఆ నెమ్మది ఎక్కుడు ఇంకా జోకొడుతుంది. స్ప్రింగ్‌ట్యాంక్ గారి దగ్గర ఒక్క గెంతులో దాటే ఉపాయం ఉండే ఉంటుంది.

స్ప్రింగ్‌ట్యాంక్:

ఉంది, లెక్క ముందే రాశాను చూడండి. 75కి ముప్పావు దెబ్బ ఎకో 600 మిల్లీసెకన్లు. 100 బీపీఎంకి ఒక పూర్తి దెబ్బ ఎంత? అదీ 600. అంటే 75 పాట మీద దొర్లుతున్న ఎకో తోకే 100 పాటకి తాళం. 72 అయితే 625, అది సరిగ్గా 96 బీపీఎం. ఏ వేగాన్నైనా నాలుగుతో గుణించి మూడుతో భాగించండి, దాటవలసిన వేగం అదే.

చేసే తీరు: రూట్స్ పాటలో పల్లవి చివరి మాట పడగానే ఆక్స్ తిప్పి మూసి, ఫేడర్ దించేయండి. బేస్ పోతుంది, ఆ మాట ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. 70 శాతం ఫీడ్‌బ్యాక్ దీనికి చాలదు, ఎనిమిదో తిరుగుడుకి 25 డీబీ పడిపోయి వినపడదు. 85కి పెంచితే ఎనిమిదో తిరుగుడు 11 డీబీ కిందే ఉంటుంది, అది జనం మధ్యలో కూడా తెలుస్తుంది. తిరుగుళ్ళని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రెండుసార్లు లెక్కపెట్టి, మళ్ళీ వచ్చే ఒకటి మీద డాన్స్‌హాల్ పాటని దాని 1 నుంచి వదలండి. రోల్ నుంచి కాదు, రోల్ ఎకోతో కొట్టుకుంటుంది. అదే క్షణంలో ఛానల్ 3 ఫేడర్ మూసేయాలి. లేకపోతే రెండో చరణం దాకా పాత మాట కలవరిస్తూనే ఉంటుంది.

బెడిసికొట్టేది ఒక్కచోట. రూట్స్ పాట చివరికొచ్చేసరికి 75 కాస్తా 76.5 అయి ఉంటుంది, మీరేమో మొదట్లో కొలిచిన 75 నమ్ముకుని ఉంటారు. 76.5కి పోవలసింది 102. అందుకని ఆ పల్లవి నడుస్తుండగానే పెడల్ ట్యాప్ బటన్ మీద ఎనిమిది దెబ్బలు కొట్టి టైము తాజాగా పట్టుకుని, కొత్త పాట పిచ్‌ని అప్పుడు సర్దండి. ట్యాప్ లేని పెడల్ అయితే దాటబోయే పాటని ముందే యంత్రపు దరువు ఉన్న డిజిటల్ స్టెప్పర్స్‌లోంచి ఎంచుకోండి, దాని వేగం చివరిదాకా కదలదు.